ఎన్‌కౌంటర్ మర్నాటి అధ్యాయం

అందరికీ నమస్కారం. సభ ఎలాగూ ఆలస్యంగా మొదలైంది, అధ్యక్షులవారు అప్పుడే వాచీ చూసుకుంటున్నారు. నేరుగా విషయంలోకి వెళ్తాను.

ఒక కొత్త రచయిత తన మొదటి నవలకే పోలీసులు, నక్సలైట్ల కథ ఎత్తుకున్నాడనుకోండి. అదీ మనకు అలవాటైన విప్లవ నవలలా కాకుండా థ్రిల్లర్‌గా రాశాడనుకోండి. మన విమర్శ దాన్ని ఎలా అందుకుంటుంది? ఇదీ నాకిచ్చిన అంశం. ఏ పుస్తకం పేరూ ఎత్తను. ఎత్తితే ఆ రచయిత ఈ హాల్లోనే ఉండొచ్చు. లేకపోతే రాత్రికి ఫోన్ చేస్తారు, అది ఇంకా కష్టం.

ఇలాంటి పుస్తకం చేతికి రాగానే మనవాళ్లు వేసే మొదటి ప్రశ్న, రచయిత ఎటువైపు? సమీక్ష మొదటి పేరాలో ఈ లెక్క తేలాలి. తేలకపోతే సమీక్షకుడికి నిద్ర పట్టదు. పుస్తకంలో దళ కమాండర్ ఎంతసేపు మాట్లాడాడు, ఎస్పీ ఎంతసేపు మాట్లాడాడు, చివర్లో ఎవరు చచ్చారు, ఎవరి శవం మీద ఎర్రజెండా కప్పారు, ఎవరి శవానికి గౌరవ వందనం చేశారు. వీటన్నిటినీ కూడి, తీసేసి, ఒక తీర్పు చెబుతారు.

ఈ ప్రశ్నను నేను ఎగతాళి చేయను. అది ఊరికే పుట్టింది కాదు. 1970 జూలై 4న విప్లవ రచయితల సంఘం (విరసం) ఏర్పడింది. అదే నెల 10న శ్రీకాకుళం కొండల్లో అక్కడి నక్సలైట్ ఉద్యమ నాయకులు వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం చనిపోయారు. ఈ రెంటికీ మధ్య వారం కూడా లేదు. 1974లో పెట్టిన సికింద్రాబాద్ కుట్ర కేసులో రచయితలు నిందితులు. ఆ కేసు 1989లో కొట్టేసేదాకా పదిహేనేళ్లు వాయిదాలకు తిరిగారు. 2005 ఆగస్టులో మావోయిస్టు పార్టీతో పాటు విరసాన్ని కూడా నిషేధించారు, కొద్ది నెలలకే ఆ నిషేధం నిలబడలేదనుకోండి. ఇక పంచనామాలు చూడండి. ఒక తపంచా, నాలుగు కిట్ బ్యాగులు, ఒక టార్చిలైటు, ఆ వరుసలోనే 'విప్లవ సాహిత్యం'. పుస్తకాన్ని ఆయుధాల జాబితాలో రాసిన చోట, పుస్తకం ఎటువైపు అని అడగడం విమర్శకుడి పైత్యం అనలేం.

కానీ ప్రశ్న న్యాయమైనదే అయినా, జవాబు వెతికే చోటు తప్పుతోంది. మనం పాత్రల డైలాగుల్లో వెతుకుతున్నాం. థ్రిల్లర్‌లో రాజకీయం డైలాగుల్లో ఉండదు. ఎవరికి ఏ విషయం ఎప్పుడు తెలిసింది అన్న దగ్గర ఉంటుంది.

ఉదాహరణ చెబుతాను. ఒక దళంలో కోవర్టు, అంటే పోలీసుల కోసం పనిచేసే రహస్య మనిషి, ఉన్నాడు. దళానికి తెలియదు. పోలీసుల నిఘా విభాగం ఎస్‌ఐబీలో ఒక అధికారికి మాత్రమే తెలుసు. ఇంతవరకూ ఎవరైనా రాస్తారు. ఇప్పుడు పాఠకుడికి ఎప్పుడు చెప్పాలి? రెండో అధ్యాయంలోనే చెప్పేశారనుకోండి, అక్కణ్ణుంచి మనం ఆ అధికారి పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నట్టే. దళం అన్నం వండుకుంటుంటే, పాట పాడుకుంటుంటే, మనం గడియారం చూస్తుంటాం. ఫోన్ ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తుంటాం. ఆ దళం నోట రచయిత ఎన్ని విప్లవ గీతాలు పాడించినా సరే, మనల్ని కూర్చోబెట్టింది మాత్రం ఎస్‌ఐబీ గదిలోనే. అదే విషయం దళంతో పాటే మనకూ తెలిస్తే? నిన్నటిదాకా మన పక్కన పడుకున్నవాడే అని తెలిసిన క్షణాన భయం వాళ్లదీ, మనదీ అవుతుంది. తర్వాత అనుమానం మొదలవుతుంది, అమాయకుడు కూడా చస్తాడు. ఆ భయంలో పార్టీ మీద విమర్శ కూడా ఉంటుంది, అదీ ఎవరూ ఉపన్యాసం ఇవ్వకుండానే.

నేను చూసినంతలో మన సమీక్షల్లో ఈ సంగతి రాసేవాళ్లు బహు తక్కువ. 'ఉత్కంఠభరితంగా సాగింది' అని ఒక వాక్యం, తర్వాత మూడు పేరాలు సిద్ధాంత చర్చ. ఉత్కంఠ ఎవరి తరఫున కలిగిందో అడగరు. అసలు ప్రశ్న అక్కడుంది కదండీ.

ఇంకా దగ్గరకు వెళ్లి చూద్దాం. మీలో నలభై దాటినవాళ్లకు పోలీసుల ప్రెస్‌నోటు ఆధారంగా వచ్చే ఈ వార్త కంఠతా వచ్చి ఉంటుంది. 'విశ్వసనీయ సమాచారం మేరకు పోలీసులు కూంబింగ్ నిర్వహిస్తుండగా సాయుధులైన నక్సలైట్లు ఎదురుపడ్డారు. లొంగిపోవాలని హెచ్చరించినా వినకుండా కాల్పులు ప్రారంభించారు. ఆత్మరక్షణ కోసం పోలీసులు ఎదురుకాల్పులు జరిపారు. అరగంట తర్వాత కాల్పులు ఆగగా గాలింపు జరిపితే రెండు గుర్తు తెలియని మృతదేహాలు కనిపించాయి. మిగిలినవారు చీకటిని ఆసరాగా చేసుకుని పారిపోయారు.' జిల్లా పేరు, తేదీ, మృతుల సంఖ్య మార్చుకుంటే చాలు. కరీంనగర్‌లో జరిగినా ఇదే, విశాఖ ఏజెన్సీలో జరిగినా ఇదే. దశాబ్దాల పాటు తెలుగు పత్రికల్లో అత్యధికంగా పునర్ముద్రణ పొందిన కథానిక ఇదేనేమో.

ఈ ఐదు వాక్యాలను ఒక కొత్త రచయిత ఏం చేశాడన్నదే నేను ముందు చూస్తాను. చాలామంది చేసేది ఏమిటంటే, దీన్నే పదిహేను పేజీలకు పెంచుతారు. వాన, బురద, బూట్ల చప్పుడు, జలగలు, ఏకే 47 మోత కలుపుతారు. చదువుతుంటే ఒళ్లు గగుర్పొడుస్తుంది, కాదనను. కానీ అయ్యాక చూస్తే అది ఆ ప్రెస్‌నోటే. పోలీసుల వైపు నుంచి రాసినా, దళం వైపు నుంచి రాసినా ప్రెస్‌నోటే. దళం వైపు నుంచి రాసిన రచయిత చేసిందల్లా చివర్లో అమరుడి కన్నీటి జ్ఞాపకం ఒకటి చేర్చడం.

ఆ నోటును విప్పి చూపించేవాడు వేరే పని చేస్తాడు. అతను మర్నాటి అధ్యాయం రాస్తాడు.

ఎన్‌కౌంటర్ అయిన మర్నాడు ఏం జరుగుతుంది? స్థానిక పోలీస్ స్టేషన్‌లో కేసు కడతారు. ఎవరి మీద? చనిపోయినవాళ్ల మీద. అప్పటి ఐపీసీ 307, అంటే హత్యాయత్నం, దానికి తోడు ఆయుధాల చట్టం. ఫిర్యాదుదారు కాల్పులు జరిపిన పోలీసు బృందం నాయకుడే. ముద్దాయిలు చనిపోయారు కాబట్టి కేసు మూసేస్తారు. మొత్తం కథకు అక్కడితో శుభం కార్డు. ఆ శుభం కార్డు మీదే ఈ రాష్ట్రంలో హక్కుల ఉద్యమం ఏళ్ల తరబడి కొట్లాడింది. ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం (ఏపీసీఎల్‌సీ) ఇచ్చిన ఫిర్యాదుల మీదే జాతీయ మానవ హక్కుల సంఘం 1996లో విచారించి, 1997లో అన్ని రాష్ట్రాలకూ ఎన్‌కౌంటర్ మరణాల దర్యాప్తు గురించి రాసింది. 2009 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, ఆత్మరక్షణ అన్నది విచారణలో రుజువు చేసుకోవాల్సిందే, ముందు కేసు నమోదు చేయాల్సిందే అంది. ఆ తీర్పు అమలు కాకుండా సుప్రీంకోర్టు ఆపింది. 2014లో సుప్రీంకోర్టే మరో కేసులో పదహారు మార్గదర్శకాలు ఇచ్చింది. దర్యాప్తు సీఐడీ గానీ, వేరే స్టేషన్ పోలీసులు గానీ చేయాలని అందులో ఉంది.

చూడండి, ఇది ఎంత మంచి ప్లాటో. ఎన్‌కౌంటర్ మీద ఆర్డీవో లాంటి అధికారి చేసే మెజిస్టీరియల్ విచారణ అంటే పేపర్లో చిన్న ప్రకటన వస్తుంది. 'ఫలానా అటవీ ప్రాంతంలో జరిగిన ఎదురుకాల్పుల ఘటనపై వివరాలు తెలిసినవారు ఫలానా తేదీన ఆర్డీవో కార్యాలయంలో హాజరై వాంగ్మూలం ఇవ్వవచ్చు.' లోపలి పేజీలో, టెండర్ నోటీసుల పక్కన. ఆ రోజు ఆర్డీవో ఆఫీసు వరండాలో ఎవరు వస్తారు? రాకుండా ఎవరు ఆపుతారు? ఊళ్లో బస్సెక్కిన మనిషి మండల కేంద్రంలో దిగిపోయి ఎందుకు వెనక్కి వెళ్లాడు? అటెండరు ఎవరికి ఫోన్ చేశాడు? తుపాకీ ఒక్కటి పేలకుండా నూట యాభై పేజీల టెన్షన్ ఉంది ఇందులో. గిరాయిపల్లి సంగతి మీకు తెలిసిందే. 1975 జూలైలో, ఎమర్జెన్సీ రోజుల్లో, మెదక్ జిల్లా అడవిలో నలుగురు యువకులు చనిపోయారు. 1977లో మాజీ న్యాయమూర్తి తార్కుండే నాయకత్వంలోని నిజనిర్ధారణ కమిటీ వెళ్లి ఊరివాళ్లను అడిగి, చెట్లకు కట్టేసి కాల్చారని తేల్చింది. ఎమర్జెన్సీ పోయింది గానీ పోలీస్ స్టేషన్ అక్కడే ఉంది. ఆ మాట చెప్పిన ఊరివాళ్లు ఎలాంటి రాత్రులు గడిపి ఉంటారో ఊహించే రచయిత కావాలి. రాస్తే దాన్ని గుర్తుపట్టే విమర్శకుడూ కావాలి. 'రెండో సగంలో యాక్షన్ తగ్గింది' అని రాసి పంపిస్తే ఎలా?

ఇంకోవైపు కాగితం కూడా ఉంది, అది మర్చిపోతే నా మాట ఒంటికాలి మీద నిలబడుతుంది. ఊరి బయట శవం, పక్కన ఎర్ర సిరాతో ఒక చీటీ. 'ఇన్‌ఫార్మర్‌గా మారి ప్రజలకు ద్రోహం చేసినందుకు శిక్షించాం.' ఇదీ నమూనా పత్రమే. ఇందులోనూ ఖాళీలు పూరిస్తే చాలు. ప్రెస్‌నోటును అనుమానించిన రచయిత ఈ చీటీని యథాతథంగా నమ్మితే అది పక్షపాతం కన్నా ముందు బద్ధకం. ఆ మనిషి నిజంగా ఇన్‌ఫార్మరా? భూమి తగాదా ఏదైనా ఉందా? ఎవరు చెప్పారు దళానికి? బాలగోపాల్ లాంటివాళ్లు హక్కుల ఉద్యమంలో ఉంటూనే ఈ ప్రశ్నలు అడిగారు, అడిగినందుకు సొంత మిత్రులతోనే మాటలు పడ్డారు, చివరికి విడిగా సంస్థ పెట్టుకున్నారు. నిజజీవితంలో అంత ఖరీదు పెట్టి అడిగిన ప్రశ్నను నవల ఊరికే దాటేస్తే పట్టుకోవాల్సింది విమర్శకుడే.

ఇక్కడే 'సమతూకం' అనే మెప్పు గురించి ఒక మాట. పోలీసులనూ నక్సలైట్లనూ ఇద్దరినీ సమానంగా చూపించాడు అని రాస్తుంటాం, దాన్నొక గొప్పగా. విప్పి చూస్తే ఏముంటుంది? ఒక మంచి ఎస్సై, ఒక చెడ్డ సీఐ. ఒక త్యాగమూర్తి కమాండర్, ఒక డబ్బు కక్కుర్తి ఏరియా కమిటీ సభ్యుడు. రెండు వైపులా చెరొక బియ్యపు బస్తా పెట్టి తరాజు సరిచేసినట్టు. మంచివాళ్లిద్దరూ చివర్లో ఒకరినొకరు అర్థం చేసుకుని ఒకేసారి చస్తారు. దీనివల్ల రచయితకు ఎవరితోనూ గొడవ లేదు, సినిమా హక్కులు అమ్ముకోవడానికీ వీలుంటుంది. నాకు మాత్రం సమతూకం కన్నా మొండిగా ఒక చోట నిలబడి, అక్కణ్ణుంచి కనిపించిందంతా దాచకుండా రాసిన పుస్తకమే ఎక్కువ తెలియజెప్పింది. పోలీసు కోణం నుంచే రాయనివ్వండి, తప్పేముంది? కానిస్టేబులు కళ్లతో రాయండి. రోడ్డు ఓపెనింగ్‌కు, అంటే దారిలో మందుపాతరలున్నాయేమో చూడటానికి, ముందు నడిచేది అతనే, మందుపాతర ముందు తగిలేది అతనికే, ప్రెస్‌నోటులో పేరు రానిదీ అతనిదే. ఎస్పీ కళ్లతో చూసినప్పటి కన్నా అక్కణ్ణుంచి అడవి వేరేగా కనిపిస్తుంది.

సమీక్షల్లో తరచుగా కనిపించే ఇంకో ఫిర్యాదు, 'నమ్మశక్యంగా లేదు'. దీనికి జవాబుగా నేను కల్పన ఏదీ చెప్పను, జరిగింది చెబుతాను. 1989లో నక్సలైట్లను ఎదుర్కొనే ప్రత్యేక పోలీసు బలగం గ్రేహౌండ్స్‌ను నెలకొల్పిన ఐపీఎస్ అధికారి కె.ఎస్. వ్యాస్‌ను 1993 జనవరి 27న హైదరాబాద్ నడిబొడ్డున లాల్ బహదూర్ స్టేడియంలో కాల్చి చంపారు. ఆ కేసు నిందితుల్లో ఒకడు అప్పట్లో నక్సలైట్ అయిన నయీం. అతనే తర్వాత పార్టీకి శత్రువయ్యాడు, భూదందాలు, బెదిరింపులు, హత్యల కేసుల్లో పేరు మోగింది, పోలీసు అధికారులతో సంబంధాలున్నాయని ఆరోపణలు వచ్చాయి. 2016 ఆగస్టు 8న షాద్‌నగర్‌లో ఎన్‌కౌంటర్‌లో చనిపోయాడు. ఇరవై మూడేళ్ల కథ. పోలీసు అధికారి హత్య కేసు నిందితుడు పోలీసు తుపాకీ నీడలో పెరిగాడన్న ఆరోపణ, మళ్లీ పోలీసు తుపాకీకే పోవడం. దీన్ని ఎవరైనా మొదటి నవలగా రాసి తెస్తే 'రచయిత ఊహాశక్తికి కళ్లెం వేసుకోవాలి' అని మనమే రాస్తాం. ఈ నేల మీద జరిగిన వాటితో పోలిస్తే మన థ్రిల్లర్లు పిరికివి. నమ్మశక్యం కానిది ఘటన అయితే రచయితను ఏమీ అనొద్దు. ఆ ఘటనకు మనుషులు స్పందించిన తీరు నమ్మశక్యంగా లేకపోతే అప్పుడు పట్టుకోండి.

వివరాల్లో పొరపాట్లు వేరే సంగతి. వాటిని వదలొద్దు. గ్రేహౌండ్స్ కమాండో స్టేషన్‌లో కూర్చుని ముద్దాయిని ఇంటరాగేట్ చేస్తుంటాడు, ఎఫ్ఐఆర్ రాస్తుంటాడు. అది వాళ్ల పని కాదు. అడవిలోకి వెళ్లి ఆపరేషన్ చేసి రావడం వాళ్ల పని, సమాచారం ఎస్‌ఐబీది, కాగితాలు లోకల్ స్టేషన్‌వి. ఇదేదో రిటైర్డ్ డీఎస్పీల చాదస్తం అనుకోకండి. ఈ పని విభజనలోనే కథ ఉంది. కాల్చినవాడికి సమాచారం ఎవరిచ్చారో తెలియదు, కేసు కట్టినవాడు కాల్పులు చూడలేదు, సమాచారం ఇచ్చినవాడి పేరు ఏ కాగితం మీదా లేదు. బాధ్యత ఎవరిదని అడిగితే ముగ్గురూ పక్కవాడిని చూపించగలరు. ఇంత మంచి ఏర్పాటును వదిలేసి, అన్నీ ఒకే హీరోతో చేయించాడంటే ఆ రచయిత పోలీసులను తిట్టినా పొగిడినా వ్యవస్థను చూడలేదన్నమాట. ఇలాగే క్యాలెండరు. జూలై 28 నుంచి ఆగస్టు 3 దాకా అమరుల వారోత్సవాలు, అక్టోబరు 21 పోలీసు అమరవీరుల దినం. ఆ వారోత్సవాలొస్తే ఏజెన్సీలో రాత్రి బస్సులు ఆగేవి, నాయకులు ఊళ్లు వదిలి పట్నం చేరేవారు. ఇద్దరికీ అమరులు ఉన్నారు, ఇద్దరికీ స్తూపాలు ఉన్నాయి, ఒకరి స్తూపాన్ని ఇంకొకరు కూల్చారు. సమీక్ష రాసేవాడికి కనీసం ఈ మాత్రం తెలిసి ఉండాలి కదా.

'తొలి ప్రయత్నం కాబట్టి' అనే గ్రేస్ మార్కుల గురించి ఎక్కువ చెప్పను. పాఠకుడు పుస్తకం కొన్నప్పుడు తొలి ప్రయత్నం అని డిస్కౌంట్ ఇవ్వలేదు కదా. (నవ్వులు) రచయితకూ అది మేలు చేయదు. కాకపోతే ఒక తేడా ఉంది. ఇప్పుడు మొదటి నవల రాస్తున్న ముప్పై ఏళ్లవాళ్లకు 2004 అక్టోబరులో హైదరాబాద్‌లో ప్రభుత్వానికీ నక్సలైట్లకూ మధ్య జరిగిన చర్చలు బడి రోజుల సంగతి. నల్లమల అడవి నుంచి మావోయిస్టు నాయకుడు రామకృష్ణ బయటికొచ్చి ప్రభుత్వ అతిథి గృహంలో హోంమంత్రికి ఎదురుగా కూర్చోవడం వాళ్లకు టీవీలో చూసిన దృశ్యం. అంతకు ముందు ఏడాది తిరుపతి దగ్గర అలిపిరిలో ముఖ్యమంత్రి కాన్వాయ్ మీద నక్సలైట్లు పెట్టిన క్లెమోర్ మందుపాతరలు పేలాయి. ఒక్క ఏడాదిలో అక్కణ్ణుంచి చర్చల బల్ల దాకా ఎలా వచ్చింది, మళ్లీ కొన్ని నెలలకే ఎందుకు తిరగబడింది అన్నది వాళ్లు పాత పేపర్లు తిరగేసి తెలుసుకోవాల్సిందే. వాళ్లకు మనలాంటి భయం లేదు, మనలాంటి మొహమాటమూ లేదు. అందుకే థ్రిల్లర్‌గా రాయగలుగుతున్నారు. మన తరం విమర్శకులు దీన్ని 'లోతు లేకపోవడం' అంటున్నారు. కొన్నిసార్లు నిజమే. ఇంకొన్నిసార్లు మనకు ముట్టుకోబుద్ధి కాని చోట వాళ్లు చెయ్యి పెట్టారని మనకు కోపం.

థ్రిల్లర్ అంటే మనకున్న చిన్నచూపు కూడా ఇందులో కలిసింది. అద్దె పుస్తకాల షాపుల రోజుల నుంచీ అది దాచుకుని చదివే సరుకు. పక్కన సృజన, అరుణతార లాంటి విప్లవ సాహిత్య పత్రికలు పెట్టుకుని, దిండు కింద డిటెక్టివ్ నవల పెట్టుకున్నవాళ్లు ఈ హాల్లో లేరంటే నేను నమ్మను. విప్లవ నవలకు ఒక కొలత, డిటెక్టివ్ నవలకు ఇంకో కొలత పెట్టుకున్నాం. రెండూ కలిసిన పుస్తకం వస్తే ఏ టేపు తీయాలో తెలియక, కథను ఒక పేరాలో ముగించి, మిగతా రెండు పేజీల్లో ఉద్యమ చరిత్ర రాస్తున్నాం. ఆ సమీక్ష చదివితే రచయితకు తన పుస్తకం గురించి ఒక్క ముక్కా తెలియదు, ఉద్యమం గురించి మన అభిప్రాయం మాత్రం తెలుస్తుంది.

ఆఖరుగా, రాసేవాళ్లు, సమీక్షించేవాళ్లు ఇద్దరూ వదిలేస్తున్న ఒక చోటు చెప్పి కూర్చుంటాను. జిల్లా ఆస్పత్రి మార్చురీ. 'గుర్తు తెలియని మృతదేహం' అని పేపర్లో వచ్చిన రోజు, ఇంట్లోంచి ఎప్పుడో వెళ్లిపోయిన బిడ్డ ఉన్న ప్రతి తల్లీ బస్సెక్కుతుంది. అది తన బిడ్డ కాకూడదని వెళ్తుంది. అయితే కనీసం శవమైనా దక్కాలనీ వెళ్తుంది. గేటు దగ్గర పోలీసు బందోబస్తు, ఐడీ కార్డు అడుగుతారు, సంబంధం రుజువు చేయమంటారు. అమరుల బంధుమిత్రుల సంఘం వాళ్లు వచ్చి వాహనం మాట్లాడతారు, అప్పటికి శవం పాడైపోయి ఉంటుంది. అదే ఆస్పత్రిలో ఇంకో గదిలో మందుపాతరలో పోయిన హోంగార్డు భార్య పరిహారం కాగితాల మీద వేలిముద్ర వేస్తుంటుంది. ఎవరు చంపారో, ఎవరు చెప్పారో, ఎప్పుడు తెలిసిందో, అన్ని సంగతులూ అందరికన్నా ఆలస్యంగా తెలిసేది ఈ ఇద్దరికే. ఒక థ్రిల్లర్ వాళ్ల వైపు నుంచి, వాళ్లకు తెలిసిన వరుసలోనే నడిస్తే ఎలా ఉంటుందో నాకు చదవాలని ఉంది. ఎవరైనా రాస్తుంటే పంపండి, ఎటువైపు అని అడగకుండా సమీక్ష రాస్తాను. ప్రశ్నలుంటే తీసుకుందాం.